కాల్‌షీట్లు ఇవ్వని తారలు

ఈ పత్రిక తెరిస్తే చాలు, తారలు కనిపిస్తారు. ముఖచిత్రం మీద ఒకరు, మధ్య పేజీలో ఒకరు, వెనక అట్ట మీద ఇంకొకరు. వాళ్ళకి మేనేజర్లుంటారు, మేకప్‌మేన్లుంటారు, ఎండ తగలకుండా గొడుగు పట్టే కుర్రాళ్ళుంటారు. "కొంచెం ఎడమకి తిరగండి మేడమ్" అంటే తిరుగుతారు. "ఒక్కసారి నవ్వండి" అంటే నవ్వుతారు.

నేను చెప్పబోయే తారలు ఆ బాపతు కాదు. వీళ్ళకి మేనేజరు లేడు, ఫోన్ నెంబరు లేదు. మేకప్ పుట్టుకతోనే వచ్చింది. ఎడమకి తిరగమంటే ఎగిరిపోతారు! పొద్దున్న ఆరింటికి వస్తారో, ఎనిమిదింటికి వస్తారో, అసలు రారో ఎవరూ చెప్పలేరు. ఒకవేళ వచ్చినా కొమ్మ మీద నిలిచేది మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో మీ కెమెరా సిద్ధంగా ఉందా సరే, లేదా మళ్ళీ వచ్చే ఆదివారమే.

నా హాబీ ఇదీ. సీతంపేట కొండల్లో పిట్టలకీ, ఉడుతలకీ, సీతాకోకచిలుకలకీ ఫొటోలు తియ్యడం. దీనివల్ల పైసా రాదు, ఉన్న పైసా నిలవదు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి చీకట్లో బూట్లు వెతుక్కుంటూంటే మా ఆవిడ పక్క మీంచే "ఇవాళ హీరోయిన్ ఎవరు?" అని అడుగుతుంది. "లకుముకి పిట్ట" అంటాను. "దానికైనా పెళ్ళయిందేమో కనుక్కుని వెళ్ళండి" అని అటు తిరిగి పడుకుంటుంది.

మామయ్య స్టూడియో

ఈ పిచ్చి ఎక్కడ పట్టిందని అడుగుతారు కదూ! పాలకొండలో మా మేనమామకి ఒక ఫొటో స్టూడియో ఉండేది. ఎనభైల నాటి మాట. లోపల గోడకి తాజ్‌మహలు తెర, ముందు ప్లాస్టిక్ పూలకుండీ, పక్కన ఒక టెలిఫోను. ఆ టెలిఫోనుకి తీగ ఉండేది కాదు గానీ, చెవి దగ్గర పెట్టుకుని ఫొటో దిగని పెళ్ళికొడుకు ఆ చుట్టుపక్కల లేడు.

ఆ రోజుల్లో నలుపు తెలుపు ఫిల్మంటే తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో. మామయ్య దగ్గర పెద్ద కెమెరాతో పాటు ఒక ఆగ్ఫా క్లిక్ త్రీ కూడా ఉండేది. డబ్బా లాంటి కెమెరా, రోలుకి పన్నెండు బొమ్మలు. పాస్‌పోర్టు ఫొటోలు అయిపోయాక రోల్లో ఒకటో రెండో మిగిలితే "పోరా, ఏదో ఒకటి కొట్టుకురా" అని నా చేతికిచ్చేవాడు. నేను పరుగున వెళ్ళి చింతచెట్టు మీద రామచిలకని కొట్టేవాణ్ణి. కడిగి చూస్తే చింతచెట్టు బ్రహ్మాండంగా వచ్చేది. చిలక ఆవగింజంత! ఎర్రబల్బు వెలుగులో ఆ ఆవగింజ మెల్లగా తేలడం చూసి మామయ్య, "ఇది చిలకో, ఫిల్మ్ మీద దుమ్మో నువ్వే తేల్చాలిరా" అనేవాడు.

దుమ్ము కాదు, చిలకే. నేను తేల్చేశాను.

ఇప్పుడు ఫిల్మూ లేదు, ఎర్రబల్బూ లేదు, ఆ స్టూడియో కూడా లేదు. నా దగ్గరున్నది నికాన్ పి తొమ్మిది వందలు, 2015లో వచ్చిన మోడలు. లెన్సు మార్చక్కర్లేదు, దూరాన్ని ఎనభై మూడు రెట్లు దగ్గరకి లాగుతుంది. పెద్ద ఫొటోగ్రాఫర్లు మోసుకొచ్చే ఆరు వందల మిల్లీమీటర్ల లెన్సు కొనాలంటే పది లక్షలు దాటుతుంది. మాలాంటి జీతగాళ్ళకి అది తెర మీద చూసే వస్తువే. కానీ ఒక మాట. పిట్ట పేరు తేల్చుకోవడానికీ, ఎక్కడ ఏ రోజు కనిపించిందో రాసుకోవడానికీ నా కెమెరా చాలు. పత్రిక అట్ట మీద వేసుకోవడానికి మాత్రం చాలదు.

సినిమావాళ్ళకీ ఈ జబ్బు ఉంది సుమండీ. "జయం" (2002) నాయిక సదా ఇటీవలి సంవత్సరాల్లో కెమెరా పట్టుకుని పులుల వెంట అడవులు తిరుగుతున్నారు. ఫోకస్ లైట్ల ముందు నిలబడ్డవాళ్ళు ఫోకస్ చేసే వైపుకి రావడం నాకైతే ముచ్చటగా ఉంటుంది.

సీతంపేట సెట్టింగు

తూర్పు కనుమలంటే అందరూ అరకు వైపు పరిగెడతారు. అరకుకి రైలుంది, బొర్రా గుహలున్నాయి, సినిమా యూనిట్లున్నాయి. సీతంపేటకి అవేవీ లేవు. మొన్నమొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. సవరలూ, జాతాపులూ ఉండే ఊళ్ళు. కొండవాలున పోడు, పోడు పక్కన అనాస, జీడితోట, పసుపు, మధ్యలో వెదురు. అడుగున గెడ్డ. మెట్టుగూడ జలపాతం దగ్గర సెలవురోజుల్లో జనం ఉంటారు. ఆడలి వ్యూ పాయింటుకి పొద్దున్నే మంచు చూడ్డానికి కుర్రకారు మోటారుసైకిళ్ళ మీద వస్తున్నారు. నాకు ఆ రెండూ పడవు. జనం ఉన్నచోట నా హీరోయిన్లు ఉండవు.

నా చోటు ఒక గెడ్డ మలుపు. ఏ ఊరి దగ్గరో ఇక్కడ రాయను. ఎందుకు రాయనో కాస్సేపట్లో మీకే తెలుస్తుంది.

అన్నట్టు, ఈ కొండల్ని మనకంటే ముందు శ్రద్ధగా విన్నవాడు ఒకాయన ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే మనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నాం. కెమెరా లేకుండా, చెవులతో ఈ కొండల్ని పట్టుకున్నవాడు కూడా ఆయనే. సవరలు ఇంటి గోడ మీద వేసే బొమ్మల్లో నెమలీ, కోతీ, ఏనుగూ, సూర్యుడూ, చంద్రుడూ అందరూ ఒకే ఫ్రేములో ఉంటారు. ఒకరు క్లోజప్పు, ఒకరు లాంగ్‌షాటు అన్న తేడా లేదు.

రీటేకు లేదు

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చేసే పని ఒకటుంది. పిట్ట కనపడగానే దాని వెనకాల పడతారు. అది ఈ చెట్టు మీంచి ఆ చెట్టు మీదికి, వీళ్ళు ఈ పొద వెనకనుంచి ఆ పొద వెనక్కి. సాయంత్రానికి చేతికి ముళ్ళు, కార్డు నిండా తోకలు.

వెంటపడకూడదు. కూచోవాలి. అంతే రహస్యం.

పసిరిక పిట్టని చూశారు కదా, ఆకుపచ్చగా, పిడికెడంత ఉండి, తోకలోంచి ఒక పుల్ల పొడుచుకొచ్చినట్టుంటుంది. అది తీగ మీదో, ఎండుకొమ్మ మీదో కూచుంటుంది. గాల్లో తేనెటీగ కనపడగానే దూకి పట్టి, మళ్ళీ అదే కొమ్మ మీదికి వస్తుంది. నూటికి తొంభైసార్లు అదే కొమ్మ! వచ్చాక ఆ ఈగని కొమ్మకేసి టపటప కొడుతుంది. ఎందుకంటారా? ముల్లు ఊడిపోవాలి కదా! ముల్లు తీశాకే మింగుతుంది. కనుక మీరు చెయ్యాల్సిందల్లా పిట్టని మరిచిపోయి కొమ్మ మీద ఫోకస్ పెట్టుకుని కూచోవడమే. హీరో ఎక్కడ తిరిగినా క్లైమాక్సుకి ఆ కొమ్మ మీదికే వస్తాడు. ఏట్రింత కూడా అంతే, పశువుల వెనక తిరిగే పసులపోలిగాడు. లకుముకి పిట్టకి కూడా ఇష్టమైన కొమ్మలుంటాయి, కింద రాళ్ళ మీద తెల్లటి రెట్ట చూసి పోల్చుకోవచ్చు.

వెలుగు విషయంలో పిట్టలకంటే సూర్యుడు మొండివాడు. పొద్దున్న ఎనిమిదిన్నర దాటితే వెలుగు తెల్లబోతుంది, పిట్ట కంటి కింద నీడ పడుతుంది. కొంగని తీస్తే తెల్లటి గుడ్డ ఆరేసినట్టుంటుంది, కాబట్టి వెలుగు ఒక మెట్టు తగ్గించుకోవాలి. ఆకాశం ముందు ఏట్రింతని తీస్తే నల్లకాగితం కత్తిరించి అంటించినట్టుంటుంది, అప్పుడు ఒక మెట్టు పెంచుకోవాలి. ఎగిరే పిట్టకి షట్టరు సెకనులో వెయ్యో వంతుకి తగ్గకూడదు. కన్ను స్పష్టంగా ఉంటే మిగతాది ఎలా ఉన్నా చూసేవాడు క్షమిస్తాడు. కన్ను మసకబారితే రెక్క మీద ఈకలు లెక్కపెట్టుకునేలా వచ్చినా దండగే. మన స్టిల్ ఫొటోగ్రాఫర్లని అడగండి, తారలకీ ఇదే సూత్రం.

పాలపిట్ట విషయం ఒకటి చెప్పాలి. కూచున్నప్పుడు మట్టిరంగులో మామూలుగా ఉంటుంది, రెక్క విప్పితే నీలం భగ్గుమంటుంది. ఆ నీలం రంగు పూసింది కాదు. ఈకలో నీలిరంగు పదార్థమే లేదు. ఈకలోపలి అతిసూక్ష్మమైన అల్లిక వెలుగుని విరిచి నీలాన్ని మాత్రం మన కంటికి పంపిస్తుంది. ఆ ఈకని నూరితే నీలం మాయం! దీన్ని మించిన ట్రిక్ ఫొటోగ్రఫీ ఏ స్టూడియోలో ఉందో చెప్పండి. దసరాకి ఈ పిట్టని చూస్తే శుభమని మనవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం పేరు చెప్పి పట్టి, కాళ్ళు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులకి చూపించేవాళ్ళున్నారు. అది నేరం. దేశంలోని పక్షిప్రియులు ఏళ్ళ తరబడి రాసుకున్న మూడు కోట్ల పైచిలుకు నమోదుల్ని లెక్కకట్టి 2023లో ఒక నివేదిక తెచ్చారు. బాగా తగ్గిపోతున్న పిట్టల్లో పాలపిట్ట పేరు కూడా అందులో ఉంది. ఆ నమోదులు చేసినవాళ్ళలో ఎక్కువమంది నాలాంటి ఆదివారం బాపతువాళ్ళే.

"కదలదు సార్, తీసుకోండి"

గెడ్డ దగ్గర మొదటి రోజుల్లో ఒక సవర పెద్దాయన రోజూ నన్ను గమనిస్తూ వెళ్ళేవాడు. భుజాన గొడ్డలి, చేతిలో చీపురు పుల్లల కట్ట. నాలుగో ఆదివారం ఆగాడు.

"ఏటి బాబూ, పొద్దుట్నుంచి కూకున్నావు. ఒక్కటీ కొట్టనేదేటి?"

"కొట్టను తాతా. ఫొటో తీస్తాను."

"ఫొటో తీసి?"

"ఇంటికెళ్ళి చూసుకుంటాను."

తాత కాసేపు ఆలోచించాడు. "ఇంటికాడ పిట్టల్నేవేటి?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కెమెరా వెనక బొమ్మలు చూపించాను. ఒక్కొక్కటీ చూసి పేరు చెప్పాడు, సవరలో ఒకసారి, తెలుగులో ఒకసారి. పేరుతో పాటు ఇంకొంత వివరం. ఇది ఏ పండు తింటుంది, ఇది కూస్తే వాన ఎన్నాళ్ళకి వస్తుంది, దీని మాంసం ఎలా ఉంటుంది. "ఇది సేదు. తినలేవు" అన్నాడు ఒకదాన్ని చూసి, నేను ఎక్కడ వండుకుంటానో అన్నట్టు.

ఆయన మనవడు ఉండేలు బద్దతో తిరిగేవాడు. పన్నెండేళ్ళుంటాయేమో. గురి అంటే గురే! నా లెన్సుకి అందని దూరం వాడి రాయికి అందేది. ఒకరోజు నేను మర్రిచెట్టు కింద పచ్చగువ్వల కోసం కూచున్నాను. మర్రిపండ్లకి వస్తాయి, ఆకుల్లో ఆకుల్లా కలిసిపోతాయి, రెండు గంటలు కూచున్నా ఒక్క ఫ్రేము దొరకలేదు. వాడు చూస్తూ పోయాడు. అరగంటకి తిరిగొచ్చి గుప్పిట విప్పాడు. లోపల పచ్చగువ్వ. కాళ్ళు పసుపుగా, మెడ వాలిపోయి, ఒళ్ళింకా వెచ్చగా ఉంది.

"కదలదు సార్. తీసుకోండి ఫొటో" అన్నాడు.

నాకు సాయం చేశాడు వాడు! రెండు గంటల నుంచి పాపం ఈ మాస్టారు అవస్థ పడుతున్నాడని పని మానుకుని వెళ్ళి తెచ్చాడు. ఏమనను? తిట్టడానికి నోరు రాలేదు. ఇంట్లో కోడిమాంసం వండించుకుని వచ్చినవాణ్ణి, గువ్వని కొట్టావేమిరా అని ఏ మొహం పెట్టుకుని అడగను? ఫొటో తీశాను. రెక్క విప్పి ఒకటి, కాలివేళ్ళు ఒకటి. తర్వాత వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని కెమెరా చేతికిచ్చాను. "బతికున్నదాన్ని తియ్యగలవా?" అన్నాను.

వాడు తీశాడు. నాకంటే ముందే, నాకంటే దగ్గరనుంచి. వేటగాడి ఓపిక ఫొటోగ్రాఫరుకి కావలసిన ఓపికే కదా! ఉండేలు మానేశాడని మాత్రం చెప్పను. నేనున్నప్పుడు జేబులో పెట్టుకుంటాడు, అంతవరకే నాకు తెలుసు.

డబ్బింగు, మిమిక్రీ

సినిమా పత్రిక కాబట్టి ఈ ముచ్చట చెప్పకపోతే పాపం. పాత టార్జాన్ సినిమాల్లో అడవి అనగానే ఒక పిట్ట పకపకా నవ్వినట్టు కూత వినిపిస్తుంది. ఆ కూత ఆస్ట్రేలియాలో ఉండే కూకబురా అనే పెద్ద లకుముకిది. ఆఫ్రికా అడవిలో దానికేం పని? అలాగే హాలీవుడ్డులో తెల్లతల గద్ద గంభీరంగా అరుస్తుంది చూశారా, అది దాని గొంతు కాదు. ఎర్రతోక డేగ చేత డబ్బింగు చెప్పిస్తారు. అసలు గొంతు కీచుగా ఉంటుందట, ఆ పర్సనాలిటీకి నప్పదని! హీరోయిన్లకి డబ్బింగు చెప్పించే మనవాళ్ళని ఇంక తప్పుపట్టకండి.

మా గెడ్డ దగ్గర మిమిక్రీ ఆర్టిస్టు ఒకడున్నాడు. తోక చివర రెండు పుల్లలు, పుల్లల చివర రెండు నల్లటి రెక్కలు వేలాడే పెద్ద ఏట్రింత. ఇది డేగలా అరుస్తుంది, తక్కిన పిట్టలు హడలిపోతాయి. వాటి గొంతుల్ని కూడా వాటికే వినిపిస్తుంది. ఫోన్లో కూతని బట్టి పిట్ట పేరు చెప్పే మెర్లిన్ అనే యాప్ ఒకటి ఉంది. మా ఏట్రింత ఒక పొద్దుట వరసగా కూసిన కూతలకి అది మూడు వేరే పేర్లు చెప్పి ఊరుకుంది.

మనవాడి పేరు పెట్టుకున్న పిట్ట

ఈ కనుమల పిట్టల మీద మొదట పుస్తకం పట్టుకు కూచున్నవాళ్ళు చాలావరకు దొరలు. తర్వాత మనవాడొకాయన వచ్చారు. విశాఖపట్నం కె.ఎస్.ఆర్. కృష్ణరాజుగారు. విశాఖ కనుమల్లో పిట్టల్ని పట్టి, కొలిచి, గుర్తులు వేసి, ఏ నెలలో ఏవి వస్తాయో ఏవి పోతాయో రాసిపెట్టారు. అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్‌లతో కలిసి ఆయన రాసిన వ్యాసాలు బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1987లో రావడం మొదలైంది. అబ్బాట్స్ బాబ్లర్ అని ఒక చిన్న మట్టిరంగు పిట్ట ఉంది. దాని అసలు ఊరు తూర్పు హిమాలయాలు, ఈశాన్యం, బర్మా ఆ పైన. అది అన్ని వందల మైళ్ళు దాటి, మధ్యలో ఎక్కడా లేకుండా, మన విశాఖ కనుమల్లో దొరికింది! ఇక్కడి రకం వేరని తేల్చి 1985లో రిప్లీ, బీలర్‌లు దానికి కృష్ణరాజుగారి పేరు పెట్టారు, కృష్ణరాజుఐ అని. తెలుగువాడి పేరు తెర మీద పడటం మనకి కొత్తకాదు గానీ, పిట్ట మీద పడటం ఎన్నిసార్లు చూశాం?

ఇంకొక కథ కడపది. కలివికోడి. 1848లో జెర్డాన్ దొర దీని గురించి లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, ఇంక లేదనుకున్నారు. 1986 జనవరిలో లంకమల దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్ళీ దొరికింది. పట్టుకున్నది ఎవరనుకున్నారు? ఐతన్న అనే స్థానికుడైన వేటగాడు. రాత్రిపూట టార్చి వెలుగులో. ఎనభై ఆరేళ్ళు శాస్త్రానికి దొరకని పిట్ట రాత్రి తిరిగేవాడి టార్చికి దొరికింది. అందుకే తాత పేర్లు చెప్పినప్పుడల్లా నేను నోటుపుస్తకం తీస్తాను.

మా శ్రీకాకుళం వైపు ఇంకో మాట వినిపిస్తూంటుంది. ఇచ్చాపురం దగ్గర తేలుకుంచిలో చింతచెట్ల మీద గూళ్ళు పెట్టే కొంగల్ని సైబీరియా పక్షులంటారు. అవి నత్తగుల్ల కొంగలు. మన దేశం, చుట్టుపక్కల దేశాలే వాటి ఇల్లు. టెక్కలి దగ్గర తేలినీలాపురం వచ్చే గూడబాతులూ అంతే. పాస్‌పోర్టు అక్కర్లేని మన పిట్టలకి ఫారిన్ హోదా ఎందుకిస్తామో! అయితే ఆ ఊళ్ళవాళ్ళు వాటి మీద రాయి పడనివ్వరు. వస్తే వానలొస్తాయని నమ్మకం. ఆ నమ్మకం ముందు భూగోళం తప్పయితే ఏం పోయింది?

గూటి దగ్గర గొడవ

ఇప్పుడు గెడ్డ మలుపు ఎక్కడో ఎందుకు రాయనంటానో చెబుతాను.

తోక పిగిలిపిట్ట అని ఒక అందగాడున్నాడు. నల్లటి తల, పాలలాంటి ఒళ్ళు, ఒంటికి రెండింతల పొడవున రిబ్బన్ లాంటి తోక. మా అందరి పేజీల్లోనూ సూపర్‌స్టార్ అతనే. ఎండాకాలం చివర గెడ్డ మీదికి వంగిన సన్నటి కొమ్మకి గిన్నెలాంటి గూడు కడతాడు. గుడ్ల మీద ఆడదీ మగదీ వంతులేసుకుని కూచుంటాయి. మగవాడు కూచున్నప్పుడు తోక గిన్నెలోంచి కిందికి వేలాడుతూ గాలికి ఊగుతూంటుంది. ఆ దృశ్యం చూడాలి! నేను అవతలి ఒడ్డున జీడిచెట్టు కిందనుంచి చూసేవాణ్ణి. మధ్యలో ఆకులు అడ్డం. పిట్టలో సగం కనిపించేది.

ఒక ఆదివారం పట్నం నుంచి కారులో నలుగురు వచ్చారు. ఫిరంగుల్లాంటి లెన్సులు. గూడు సంగతి ఎలా తెలిసిందో తెలిసింది. చూశారు, ఆకులు అడ్డమున్నాయన్నారు. నాలుగు కొమ్మలు తీసేస్తే బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా వస్తుందన్నారు. తాత మనవణ్ణి పిలిచి అయిదు వందల నోటు చూపించారు.

వాడు నా వైపు చూశాడు. అయిదు వందలంటే వాళ్ళింట్లో చిన్నమాట కాదు. అనాసలు బుట్టకెత్తుకుని సంతకి దిగి, దళారి చెప్పిన ధరకి అమ్ముకుని వచ్చేవాళ్ళు.

నేను వాదించాను. ఆ ఆకులే దానికి గొడుగు, అవి లేకపోతే ఎండకి పిల్లలు మాడిపోతాయి, కాకికీ డేగకీ దారి చూపించినట్టవుతుందని. వాళ్ళలో ఒకాయన, "మీరు తియ్యలేదు కాబట్టి మమ్మల్ని తియ్యనివ్వరా?" అన్నాడు. పక్కాయన ఫోన్లో ఆ పిట్ట కూతని పెట్టబోయాడు, మగది ఇంకొకడు వచ్చాడనుకుని బయటికి వస్తుందని. గూడు పెట్టిన పిట్టకి అది ఎంత యాతనో వాళ్ళకి తెలియక కాదు. ఫొటో దొరకాలి, అంతే.

మా గొంతులు విని తాత పైనుంచి దిగొచ్చాడు. సంగతి విన్నాడు. కొమ్మ వైపు చూశాడు. "అది మా జీడి సెట్టు కొమ్మ. నరకడానికి నేదు" అన్నాడు. అది జీడికొమ్మ కాదు. జీడిచెట్టు ఈ ఒడ్డున ఉంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. గొడ్డలి భుజం మీదే ఉంది మరి, ఎవరూ మాట్లాడలేదు. కారు తిరిగింది.

మనవడు రెండు రోజులు తాతతో మాట్లాడలేదట. వాడి కోపం న్యాయమే. ఎక్కడనుంచో వచ్చిన పిట్ట కోసం అయిదు వందలు పోయాయి. మంచి పత్రికలూ పోటీలూ ఈ రోజుల్లో గూటి ఫొటోలు తీసుకోవడం మానేశాయి గానీ, ఫోన్లలో లైకులు కొట్టేవాళ్ళకి ఆ పట్టింపు లేదు. చోటు పేరు బయటపడితే వచ్చే ఆదివారం నాలుగు కాదు, పది కార్లు వస్తాయి. కాబట్టి పాఠకులు కోప్పడకండి. మీ ఊరి పక్కనా ఒక గెడ్డ ఉంటుంది, వెతుక్కోండి.

నేను తియ్యని ఫొటో

"ఏనుగుల్ని తీశారా?" అని అందరూ అడుగుతారు.

మన సినిమాకి ఏనుగంటే మొదటినుంచీ మోజు. 1977లో "అడవి రాముడు"ని రాఘవేంద్రరావుగారు ముదుమలై అడవుల్లో తీశారు. విన్సెంట్‌గారి కెమెరా, ఎన్టీ రామారావుగారి పక్కన ఏనుగులు. హాల్లో ఏనుగులొచ్చినప్పుడు పడ్డ ఈలలు ఆ తరం వాళ్ళకి గుర్తే. అదే ముదుమలైలో, తెప్పకాడు శిబిరంలో తీసిన "ది ఎలిఫెంట్ విస్పరర్స్"కి 2023 మార్చిలో ఆస్కారు వచ్చింది. మన "నాటు నాటు" గెలిచిన వేదిక మీదే, ఆ రాత్రే. ఊరంతా పండగ. "ఆర్ఆర్ఆర్"లో పులీ జింకలూ దూకుతాయి చూశారా, అవి కంప్యూటరు పులులు. వాటికి నొప్పి లేదు. నిజం జంతువుల్ని సినిమాలో వాడాలంటే ఇప్పుడు జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి. మంచిదే.

ఆ పండగైన రెండు నెలలకి, 2023 మే 12న, మా సీతంపేట పక్కనే భామిని మండలం కాట్రగడ దగ్గర పొలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చచ్చిపోయాయి. ఒరిస్సా వైపునుంచి వచ్చి ఏళ్ళుగా ఈ ప్రాంతంలో తిరుగుతున్న మంద. మిగిలినవి కొండల వైపు పోయాయి.

ఏనుగుల వల్ల పోయిన మనుషులూ ఉన్నారు. పంట పోయినవాళ్ళకయితే లెక్కే లేదు. మొక్కజొన్న చేను, చెరకు, అరటి, రాత్రికి రాత్రి చాప చుట్టినట్టు చుట్టేసి పోతాయి. తెల్లారి చేలో కూచుని ఏడ్చే మనిషి ముందు నిలబడి ఏనుగు గొప్పజంతువని చెప్పగలిగే ధైర్యం నాకు లేదు. ఏనుగులొచ్చాయని తెలియగానే ఫోన్లు పట్టుకుని దగ్గరికి పరిగెత్తే కుర్రాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. అరుపులకి మంద బెదురుతుంది, దారి తప్పుతుంది, కొత్త ఊళ్ళో పడుతుంది. వీడియో తీసినవాడు ఇంట్లో పడుకుంటాడు, ఆ ఊరు రాత్రంతా మేలుకుంటుంది.

అందుకని ఏనుగుల కబురు తెలిసిన ఆదివారం నేను కొండెక్కను. నా దగ్గర ఏనుగు ఫొటో ఒకటే ఉంది. తడిమట్టిలో పాదం గుర్తు, పళ్ళెమంత, లోపల నీళ్ళు నిలిచి, ఆ నీళ్ళల్లో కప్పపిల్లలు.

కిందటి నెల గెడ్డ దగ్గర కూచునుంటే తాత వచ్చాడు. నా కెమెరాకేసి చాలాసేపు చూశాడు.

"ఇన్ని పిట్టల్ని తీసినావు గదా బాబూ, నా ఫొటో ఒకటి తియ్యవా?" అన్నాడు.

"తీస్తాను తాతా, ఇలా గెడ్డ ఒడ్డున రాయి మీద కూచో. వెనక వెదురు బాగుంటుంది" అన్నాను.

"అలగొద్దు. పింఛను కాయితానికి. ఎనకాల తెల్లగుండాలంట."

ఊళ్ళోకి వెళ్ళి బడి గోడ ముందు నిలబెట్టి తీశాను. ఒక్క షాటుకి ఓకే. తల కూడా దువ్వుకోలేదు. మరుసటి ఆదివారం నాలుగు కాపీలు పట్టుకెళ్ళి ఇచ్చాను. రెండు కాగితానికి, ఒకటి ఇంట్లోకి. నాలుగోది మనవడు తీసుకున్నాడు.